ప్రాంతీయ అవసరాల కమిటీ

“ఇక్కడే కానిచ్చేద్దాం. కోరం ఉందిగా!” అన్నాడు ఛైర్మన్.

కోరం ఉంది. ఉన్నది అదొక్కటే. కుర్చీల్లేవు, బల్ల లేదు, తాగడానికి మంచినీళ్లు లేవు. ఫ్యాన్ ఉంది గానీ తిరగడం లేదు. కానీ కొత్త డిగ్రీ మీద తీర్మానం సాయంత్రంలోగా యూనివర్సిటీకి చేరాలి. అందుకని నలుగురూ నిలబడే మీటింగ్ మొదలుపెట్టారు.

ఛైర్మన్‌తో పాటు ముగ్గురు సభ్యులు. ఒకాయన రిటైరైన ప్రొఫెసర్. స్టాఫ్ రూములో ఆయన ముద్దుపేరు మేధావి. జన్మలో స్క్రూడ్రైవర్ పట్టిన పాపాన పోలేదు గానీ, చేతిపనుల గొప్పతనం మీద లావుపాటి పుస్తకం రాశాడు. ఇంకొకాయన పరిశ్రమల సంఘం ప్రతినిధి. ఎవరేమన్నా తలూపుతాడు కాబట్టి ఆయన్ని అన్ని కమిటీల్లోనూ వేస్తారు.

మిగిలింది వర్క్‌షాప్ విభాగం మేడం. ఛైర్మన్ స్వయానా ఆమె భర్తకు అన్న. ఇంట్లో బావగారు, కాలేజీలో సర్. ఇంట్లో మిక్సీ ఆగిపోతే ఆమెకే కబురు పెడతాడు. కాలేజీలో మాత్రం ఆమె మాట చెవిన వేసుకోడు.

ఆమె ఫైలు తెరిచింది. ఊరూరా తిరిగి, ఆస్పత్రుల గుమ్మాల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పడిగాపులు పడి తయారుచేసిన కోర్సు అది. పెద్ద భవనాల్లోని యంత్రాల నిర్వహణ మీద డిగ్రీ. నీళ్ల పంపులు, జనరేటర్లు, ఏసీలు, లిఫ్టులు, మంటలార్పే గొట్టాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఈ ప్రాంతంలో మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. వాటిలో ఏది చెడినా బాగుచేసే మనిషి లేడు. ఇవాళ కమిటీ ఒప్పుకోకపోతే ఆమె విభాగం మూతపడుతుంది, ఉద్యోగం పోతుంది, వర్క్‌షాప్‌లోని యంత్రాలు పాతసామాన్ల కొట్టుకు చేరతాయి.

“ఏమ్మా, మళ్లీ ఆ రిపేర్ల కోర్సేనా?” అన్నాడు ఛైర్మన్.

“రిపేరుకి డిగ్రీ ఏమిటండీ?” మేధావి అందుకున్నాడు. “రెంచీ పట్టుకోడానికి పట్టా కావాలా? యూనివర్సిటీ అంటే ఆలోచించడం నేర్పే చోటు.”

ముప్పయ్యేళ్లు అక్కడే ఉండి ఈయనకెందుకు అబ్బలేదో అనుకుంది ఆమె. ప్రతినిధి వైపు తిరిగింది.

“మీరు చెప్పండి సర్. మీ ఫ్యాక్టరీల్లో ఎలాంటి వాళ్లు దొరక్క ఇబ్బంది పడుతున్నారు?”

ఆయన మెడ తుడుచుకున్నాడు. “మాకు డైనమిక్ యూత్ కావాలండీ. పాజిటివ్ ఆటిట్యూడ్ ఉండాలి.”

“దాంతో జనరేటర్ నడుస్తుందా సర్?”

“నడవదనుకోండి. కానీ ఉంటే మంచిదేగా!”

ఏ ఎండకా గొడుగు పట్టే మనిషిని సలహా అడిగినందుకు ఆమె తన్ను తానే తిట్టుకుంది.

ఛైర్మన్ చెయ్యి చాచి ఆమె సర్వే కాగితాలు తీసుకున్నాడు. చదువుతాడేమోనని ఒక్క క్షణం ఆశపడింది. ఆయన వాటితో విసురుకోవడం మొదలుపెట్టాడు.

“బావగారూ!” ఉండబట్టలేక నోరు జారింది. “సర్వే దాకా ఎందుకండీ, మన పరిస్థితే చూడండి!”

“ఇక్కడ బావగార్లెవరూ లేరు. అయినా సొంత అనుభవాలు తెచ్చి సిలబస్‌లో దూర్చకూడదమ్మా. మనకు జరిగిందల్లా ప్రాంతీయ అవసరం అయిపోతుందా? డేటా ఉండాలి, డేటా!”

“డేటా మీ చేతిలోనే ఉంది సర్.”

ఆయన ఇంకాస్త గట్టిగా విసురుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం కొరుకుతున్నావా అని అడుగుతాడు. వీళ్లు అదీ అడగరు.

మేధావి గొంతు సవరించుకున్నాడు. “‘ప్రపంచ స్థాయి నాయకత్వం’ అని డిగ్రీ పెడదాం. మన పిల్లలు నాయకులు కావాలి. రేపటి లోకం వాళ్ల వైపు చూడాలి.”

“అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరండీ?” అంది ఆమె.

“ఎవరో ఒకరుంటారమ్మా,” అన్నాడు ఛైర్మన్. “పిలిస్తే వస్తారు. లోకం ఏం గొడ్డుపోలేదు.”

ప్రతినిధి తలూపాడు.

“నాయకత్వం కోర్సుకి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి!”

మూడు చేతులు లేచాయి. మేధావి మోచెయ్యి ప్రతినిధి ముక్కుకు తగిలింది. పాపం ఆయన ముక్కు పట్టుకుని కూడా తలూపాడు.

“ఈ ప్రాంతానికి రిపేర్ల కోర్సు అవసరం లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది,” అన్నాడు ఛైర్మన్.

“నేను ఒప్పుకోలేదు కదండీ!”

“నువ్వు తప్ప ఏకగ్రీవమే కదమ్మా. బాధపడకు. వర్క్‌షాప్ ఖాళీ చేయించి అక్కడే లీడర్‌షిప్ హాలు కట్టిద్దాం. రిబ్బన్ నువ్వే కత్తిరిద్దువుగాని.”

ఆమెకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఇంత చదువు చదివి, ఇన్ని పదవులు వెలగబెట్టి, కళ్ల ముందున్నది కనపడని మనుషులు ఈ ముగ్గురూ. వీళ్లని బతిమాలినందుకు తన మీద తనకే రోత పుట్టింది. వాళ్లు మాత్రం ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపేస్తూ అభినందించుకుంటున్నారు.

అంతలో పైనుంచి వాచ్‌మన్ కేక వినిపించింది: “సార్, లిఫ్టు బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడూ లేడట, సిటీ నుంచి మనిషి రేపు పొద్దున బయల్దేరతాడట, అందాకా మీ నలుగురూ లోపల కదలకుండా నిలబడండి!”