ఒక్క నోరు

"వద్దు మే కావ్యా! మెళ్లో పసుపుతాడు ఇంకా పచ్చి ఆరలేదు. కొత్త పెళ్లికూతురు సావింటికి పోతే ఏమన్నా అయిపోతాది. నా మాట ఇను!" ఈశ్వరమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకన్నీ భయాలే మా. లిఫ్టెక్కితే తెగుతాదంటావు, కుక్కర్ కూస్తే పేలుతాదంటావు. అఖిల నా చేతులకు గోరింటాకు పెట్టింది. నేను పోకుంటే ఎట్లా?"

కావ్య చెయ్యి విడిపించుకుని సెల్లారులోకి దిగింది. ఈశ్వరమ్మ వెనకే పరుగెత్తింది.

గోపన్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంటుకు సెల్లారులోనే కాపురముండే చంద్రయ్య వాచ్‌మన్. కావ్య పెళ్లినాడు పక్క ఫంక్షన్ హాలుకు పెళ్లికొడుకు ఊరేగింపు, బరాత్, వస్తుంటే, అతని కూతురు అఖిల మేడ మీంచి చూస్తోంది. ఎవరో సరదాకి గాల్లోకి తుపాకీ పేల్చారు. టపాకాయల మోతలో అదీ టపాకాయే అనుకున్నారు. అఖిల పడిపోయింది. మళ్లీ లేవలేదు. పేల్చిందెవరో తాము చూడలేదని పెళ్లికొచ్చినవాళ్లంతా పోలీసులకు చెప్పారు.

సెల్లారులో అఖిల ఫోటోకి దండ వేసి, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి రామబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "ఇకమీదట ఏ పెళ్లిలోనూ తుపాకీ కనబడకూడదండి. అందరం సంతకాలు పెట్టి కమిషనర్ గారికి అర్జీ ఇద్దామండి."

"ఇయ్యుండ్రి సారు" అన్నాడు చంద్రయ్య. "గని పేల్చినోడు గిట్లనే తిరుగుతుంటే రేపు ఇంకో బరాత్‌ల ఇంకో పిల్ల పోతది. నాకు దండలొద్దు. చూసిన నోరు ఒక్కటి కావాలె. ఎవ్వలన్న చూసిన్రా?"

అందరూ తలలు దించుకున్నారు. "పెద్దోళ్లతోని మనకెందుకులే" అని వెనక ఎవరో గొణిగారు.

కావ్య తల్లివైపు తిరిగింది. "మా, హారతి పళ్లెం పట్టుకుని నువ్వే కదా ముందర నిలబడుంటివి! నువ్వన్నా చూడలేదా?"

ఈశ్వరమ్మ కూతురి మొహం చూసింది. ఫోటోలో నవ్వుతున్న పిల్లను చూసింది. జనం ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేస్తున్నారు. ఇక ఎవరూ చెప్పరనుకుని, చంద్రయ్య దీపంలో నూనె పోయడానికి వంగాడు.

"చూసినా చంద్రయ్యా" అంది ఈశ్వరమ్మ. "పేల్చింది మా అల్లుడే."