నలభై నిమిషాలు

“ఆ ఉత్తరం పంపించకండమ్మా!” అంటూ వచ్చి, టెలిస్కోపు మీది గుండ్రటి కప్పుని, ఆ డోముని, తిప్పే పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

మీట నొక్కబోతున్న పరిశోధకురాలి వేలు నిలిచిపోయింది. ఒక నక్షత్రం చుట్టూ ఎనిమిది రోజులకోసారి ఓ గ్రహం తిరుగుతోందేమోనని అంతరిక్షంలోని టెలిస్కోపు అనుమానపడింది. నేలమీది ఈ టెలిస్కోపు నిన్న రాత్రి దాన్ని రూఢి చేసింది. అనుకున్న వేళకు నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గింది. గ్రహమే అడ్డొచ్చిందని ఆమె ఉత్తరంలో రాసింది.

“ఏం బాబాయ్, దిష్టి తగులుతుందనా?” అని నవ్విందామె.

ఆయన నవ్వలేదు. “వెలుగు ఎంతసేపు తగ్గింది?”

“నలభై నిమిషాలు.”

“నేను కళ్ళు మూసుకున్నదీ అంతసేపేనమ్మా. నక్షత్రం జరిగేకొద్దీ డోములోని సందు దానికి ఎదురుగా ఉండేలా తిప్పాలి కదా, తిప్పలేదు. చూసేసరికి ఆ సందు అంచు టెలిస్కోపుకి అడ్డంగా ఉంది. గబగబా తిప్పేసి ఊరుకున్నాను.”

“నిద్రపోయారా?”

“లేదు. దణ్ణం పెట్టుకుంటున్నాను. మీ గ్రహం కనబడాలని.”

ఆమె తెరవైపు తిరిగింది. రాసినదంతా వాక్యం వెంట వాక్యం చెరిపేసింది. ఆయన తల ఎత్తలేకపోయాడు.

“చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు బాబాయ్.”

“పొద్దున్నించీ ముద్ద దిగలేదమ్మా. నేను దేవుణ్ణి అడిగింది గ్రహాన్ని, అబద్ధాన్ని కాదు.”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“గ్రహం నిజంగా ఉంటే ఎనిమిదో రోజున మళ్ళీ అడ్డొస్తుంది. డోము దగ్గరికి మీరే రండి. ఈసారి కళ్ళు తెరుచుకుని మొక్కుకోండి.”