సవతిని సాగనంపిన రోజు

కొండ దారి కింది గేటు దగ్గర డ్రైవర్ బండి ఆపాడు. దిగి, తాళంచెవి పెద్దాయన చేతిలో పెట్టాడు.

“అమ్మగారూ, నా మాట వినండి. నేనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపే దారి ఇది. దిగి నాతో నడిచి వచ్చేయండి.”

“నేను దిగితే బండి వెనక్కి షెడ్డుకే పోతుంది నాయనా,” అంది పెద్దాయన భార్య.

“అయితే నేను మాత్రం ఎక్కను. పిల్లలు గలవాణ్ణి.” ఎదురు ఎవరినీ రానివ్వొద్దని పై గేటుకు ఫోన్ చేసి, డ్రైవర్ పక్కకు జరిగాడు.

అది మామూలు బండి కాదు. లోపల దొరలకు తగ్గ తోలు సీట్లు, బయట ఏనుగంత ఒళ్ళు. క్వారీ నడిచిన రోజుల్లో పెద్దాయన దాన్ని రాళ్ళ మీద నడిపాడు, వాగుల్లో నడిపాడు, ఒకసారి చింతచెట్టు కూడా ఎక్కించాడు. ఈ చివరిది ఆయన చెప్పుకున్నదే, చూసినవాళ్ళు లేరు. క్వారీ మూతపడ్డాక బండి షెడ్డులో చేరింది. అయినా ఎవరికీ ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒళ్ళంతా తుడిచి, నిమిరి, కబుర్లు చెప్పి వచ్చేవాడు. ఆమె దాన్ని ‘నా సవతి’ అనేది.

కొండ మీది ధర్మాసుపత్రికి బండి లేదు. కాన్పు కష్టమైన ఆడవాళ్ళను మంచం మీద మోసి కింది పెద్దాసుపత్రికి దించుతున్నారు. వారం వారం మందులు మోసుకుని ఆమె కాలినడకన అక్కడికి వెళ్తుంది. ఆ దారిలో ప్రతి రాయీ ఆమెకు చుట్టమే. సవతిని ఆసుపత్రికి ఇచ్చేయమని ఏడాదిగా పోరు పెడితే, నిన్నటికి మెత్తబడ్డాడు. అదీ ఒక షరతు మీద.

“పై దాకా నేనే నడుపుతా. పక్కన నువ్వుండాలి. కాదంటే ఇచ్చేది లేదు.”

ఇంజన్ గుర్రుమంది.

“పోనివ్వండి. మెల్లగా. ఇంకా మెల్లగా.”

“ఇంతకంటే మెల్లగా అంటే వెనక్కి పోతుందే.”

“కుడికి... కుడికండీ! చాలు. ఇక నేరుగా.”

పెళ్ళయిన నాటి నుంచి ఆమె మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, ఇవాళ కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఆ వినడమే ఆమెను మరింత హడలగొట్టింది.

కుడివైపు కొండ. ఎడమవైపు ఏమీ లేదు. మలుపు తిరుగుతూ కూడా ఆయన ముఖం ఆమె వైపు తిప్పి కబుర్లు పెట్టుకున్నాడు.

“మొదటిసారి దీంట్లో ఎక్కించినప్పుడు వాంతి చేసుకున్నావు, గుర్తుందా?”

“ఇప్పుడూ అయ్యేలా ఉంది. మాట్లాడకండి. ఎడమకు... ఇంకొంచెం... ఆఁ, ఆఁ, అంతే.”

“ఇన్నాళ్ళకు నన్ను ఆడించే భాగ్యం దక్కింది నీకు. కానీ, కానీ.”

ఆమెకు కళ్ళు గట్టిగా మూసుకోవాలనిపించింది. మూసుకుంటే ఇంకేమన్నా ఉందా!

“పక్కన లోయ ఎంత లోతే?”

కింద చెట్లు అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

“మోకాలి లోతు,” అంది ఆమె.

“ఎవరి మోకాలే? నీ గొంతు వింటే రాక్షసుడి మోకాల్లా ఉంది.”

చివరి మలుపు వచ్చింది. పోయిన వారం ఇక్కడ దారి ఉంది. ఇవాళ సగమే ఉంది. వానకు అంచు జారిపోయి, ఎర్రమట్టి పచ్చిపుండులా నోరు తెరిచింది.

ఆమె కూడా నోరు తెరిచింది. గాలి వచ్చింది కానీ మాట రాలేదు. బండి పాకుతోంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. బండి ఇంకా పాకుతోంది.

ఠక్కున ఆగింది.

“ఏమే, మాట ఆగిందేం?”

ముందు చక్రం కింది నుంచి గులకరాళ్ళు జారి లోయలోకి పోయాయి. అవి నేల తాకిన చప్పుడు మాత్రం రాలేదు.

ఆమె గోళ్ళు దిగేలా ఆయన మోకాలు పట్టుకుంది. “వెనక్కి... వెనక్కండీ...”

“ఎంత?”

“మంచం పొడవంత. ఆఁ... ఆపండి! ఇప్పుడు కుడికి పూర్తిగా తిప్పండి. కొండకు రాసుకుంటూ పోనివ్వండి.”

“అద్దం విరుగుతుందే.”

“విరగనీండి. మనం మిగులుతాం.”

అద్దం కర్రుమని కొండను గీరి విరిగింది. “అయ్యో, నా బంగారుతల్లీ!” అని ఆయన బండిని ఓదార్చాడు.

“నన్నెప్పుడైనా అలా పిలిచారా?” అంది ఆమె ఏడుస్తూనే. “ఇక నేరుగా. నేరుగా. అయిపోయింది. బ్రేకు వేయండి.”

ఆసుపత్రి వాకిట్లో బండి ఆగింది. ఆమె దిగింది. తలుపు పట్టుకుని, అటు తిరిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది. డాక్టరమ్మ పరుగున మెట్లు దిగింది.

“డ్రైవర్ కిందే ఆగిపోయాడట కదా! మరి ఈ దారిలో బండి ఎవరు తెచ్చారమ్మా?”

“ఇంకెవరు? నేనే,” అన్నాడు పెద్దాయన ఛాతీ విరుచుకుని.

క్వారీ పేలుడులో రెండు కళ్ళూ పోగొట్టుకున్న ఆ మనిషి తాళంచెవిని ఎవరూ లేని గోడ వైపు చాపుతుంటే, ఆమె ఆయన మణికట్టు పట్టుకుని మెల్లగా డాక్టరమ్మ వైపు తిప్పింది.