అవతల ఎనిమిది, ఇవతల మూడు

"పెద్దది నువ్వు తీసుకో. నాకు చిన్నది చాలు," అంది స్మరాండ, రెండు కాగితాలనూ బల్ల మీద దోంకా వైపు జరుపుతూ.

దోంకా వాటిని ముట్టుకోలేదు. తండ్రి రెండో పెళ్ళి చేసుకుని పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో సవతి తల్లి తనకు పెద్ద ముక్క వదిలిన సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఎందుకమ్మగారూ అంత దయ?"

"దయేం కాదు. సగం సగం అంటే ఇద్దరం రెండు దేశాలూ తిరగాలి. అనువాదాలు, ముద్రలు, నోటరీలు. మీ దేశంలోది నువ్వు తీసుకో, మా దేశంలోది నేను తీసుకుంటా. తలా ఒక సంతకంతో పోతుంది."

మాటలో తప్పేమీ లేదు. తండ్రి గెంచో రూసే రేవులో పదిహేనేళ్ళు క్రేన్ నడిపాడు. ఆ పెన్షన్ ఫండు ఖాతా బల్గేరియాలో ఉంది. తర్వాత దాన్యూబ్ నది వంతెన దాటి వెళ్ళి అవతలి ఒడ్డున జుర్జులో తొమ్మిదేళ్ళు అదే పని చేశాడు. ఆ ఖాతా రుమేనియాలో ఉంది. ఖాతాదారు పెన్షన్ వయసు రాకముందే పోతే సొమ్ము వారసులది. ఇందులో రెండు దేశాలదీ ఒకటే దారి. వారసులు ఈ వంటగదిలో కూర్చున్న ఇద్దరే.

బల్గేరియా కాగితంలో 8,700 యూరోలు. రుమేనియా కాగితంలో 41,000 లేయిలు, అంటే 8,050 యూరోలు. దోంకాకు కావలసింది 9,300. ఆమె కుట్టుపని చేసుకునే గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఏడాది చివరికి ఆ మొత్తం కట్టకపోతే మిషన్లు వీధిలో ఉంటాయి. అప్పు పుట్టే తలుపులన్నీ ఆమె ముందే తట్టింది.

రుమేనియా కాగితాన్ని తీసుకుని తేదీ చూసింది.

"ఇది రెండేళ్ళ కిందటిది."

"ఆయన పని మానేసిన నాటిది. ఆ తర్వాత అందులో ఒక్క లేయి కట్టలేదు."

"కట్టకపోతే? రెండేళ్ళూ మీ ఫండు నిద్రపోయిందా?"

దోంకా సంచిలోంచి పత్రిక ముక్క తీసింది. రెండు దేశాల ఫండ్లూ పదేళ్ళలో ఎంత పెరిగాయో అందులో పట్టిక ఉంది.

"మీ వైపు ఏడాదికి ఎనిమిది శాతం. మా వైపు మూడు. మీది గుర్రం, మాది గానుగెద్దు. నాకు ఎద్దును కట్టబెట్టి మీరు గుర్రమెక్కి పోతారన్నమాట."

"ఆ గుర్రం పడిపోయిన ఏడాది కూడా ఉందమ్మాయ్. అప్పుడు మీ నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు, నేనే తోసినట్టు."

దోంకా పత్రిక అంచు మీద లెక్క వేసింది. నలభై ఒకటి. ఏడాదికి నలభై నాలుగు చిల్లర. రెండేళ్ళకు నలభై ఏడు వేల ఎనిమిది వందల లేయిలు. యూరోల్లోకి మారిస్తే 9,400కు దగ్గర.

"కొత్త కాగితం రాలేదా?"

స్మరాండ కిటికీ వైపు చూసింది. "వచ్చింది."

"ఏదీ?"

"నా సంచిలో ఉంది."

"చిన్నది చాలన్నారు!"

"గొంతు తగ్గించు. రెండేళ్ళు మంచం పక్కన కూర్చున్నది నేను. నువ్వు ఆదివారాలు నారింజపళ్ళు పట్టుకొచ్చావు, తొక్కలు నేను ఎత్తాను."

"జీతం అడుగుతున్నారా?"

"అడిగితే నువ్వు ఇవ్వలేవు."

బల్ల మీద ఇంకో కాగితం ఉంది. పొద్దున దోంకా రాసుకొచ్చిన మరణ ప్రకటన. ఇంటి తలుపుకూ వీధి స్తంభాలకూ అతికించేది. చివర దుఃఖిస్తున్నవారి పేర్లు: కూతురు దోంకా, అక్క పెనా, రేవు మిత్రులు.

స్మరాండ దాని మీద వేలు పెట్టింది.

"రుమేనియాది నువ్వే తీసుకో. ఇక్కడ మొదట నా పేరు రాయి. 'భార్య' అని."

"ఈ ఊళ్ళో ఆయన భార్యంటే మా అమ్మ."

"మీ అమ్మ పోయి ఇరవై ఏళ్ళు. ఈ మేడ మెట్ల మీద ఇరుగుపొరుగు నన్నింకా 'ఆ రుమేనియా మనిషి' అంటారు. స్తంభం మీదైనా చదివి ఏడవనీ."

దోంకా తన పేరు కొట్టేసింది. పైన 'భార్య స్మరాండ' అని రాసి, కింద మళ్ళీ తన పేరు రాసుకుంది.

"లావు అక్షరాల్లో వేయమని చెప్పు," అంది స్మరాండ.

"చెబుతా. తేదీ దగ్గర?"

"ఖాళీ వదులు. ప్రెస్సువాడికి ఫోన్‌లో చెప్పొచ్చు."

స్మరాండ సంచిలోంచి కొత్త కాగితం తీసి ఇచ్చింది. 9,460 యూరోలు. దోంకా రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకుంది. ఎవరికి ఏ ఖాతాయో ఒక తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేశారు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి.

పక్క గదిలోంచి గెంచో మంచినీళ్ళడిగాడు.