పదిహేడో నంబరు కన్ను

పదిహేడో నంబరు కన్ను ఆమెను వదలడం లేదు.

ఆమె పని కొలవడం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బున్నవాళ్ళకూ, ఏ జబ్బూ లేనివాళ్ళకూ కంట్లో ఒకే చుక్కల మందు వేస్తారు. బాగా పలచన చేసిన మందు. మామూలు కంటిపాప దానికి పెద్దగా చలించదనీ, ఆ జబ్బున్నవాళ్ళదైతే విచ్చుకుంటుందనీ డాక్టరు గారి అనుమానం. ఆమె ముందుకు ఫొటోలే వస్తాయి. పేరుండదు, ముఖముండదు, నంబరుంటుంది.

పదిహేడు పూర్తిగా విచ్చుకుంది. నల్లగా, బావిలా. ‘పాపం, ఎవరో’ అనుకుంది. ఇంటికి వెళ్తుంటే బస్సు కిటికీ అద్దంలోనూ ఆ కన్నే చూస్తున్నట్టనిపించి తల తిప్పేసుకుంది.

కొలతలన్నీ అయ్యాక డాక్టరు గారు జాబితా విప్పారు. పదిహేడు ఆరోగ్యవంతుల వరసలో ఉంది.

“అంటే జబ్బున్నట్టు ఆ మనిషికి ఇంకా తెలీదు. పిలిచి అన్ని పరీక్షలూ చేయించాలి” అన్నారు.

ఆమె పదిహేడో ఫొటో మళ్ళీ తీసి చూసింది. ఆ రెప్ప వంపు అచ్చం అమ్మదే. ఆరోగ్యవంతులు చాలక చేతికందినవాళ్ళందరినీ పోగేసింది తనే. తమ్ముణ్ణి కూడా. “చుక్కలేగా అక్కా, వెయ్యమను” అని నవ్వుతూ కూర్చున్నాడు వెధవ. మొన్న వాడు మెట్ల మీద తూలితే, తాగొచ్చావా అని ఆటపట్టించింది. వాడికి రెండేళ్ళ కూతురు.

పేర్ల కవర్లున్న బీరువా దగ్గరికి లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కాయి. పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుంటే ఎక్కవూ మరి. కుంటుకుంటూ వెళ్ళి పదిహేడో కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“మీరే చూడండి, నావల్ల కాదు. అది మా తమ్ముడే. మీరు ఫోన్ చెయ్యకండి, వాడికి నేనే చెప్పుకుంటాను.”

ఆయన కవరు చింపారు. లోపలున్న అంగీకార ఫారం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మీ తమ్ముడు కాదమ్మా.”

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంకెవరి ఇల్లో మునిగిందని తెలిసీ సంతోషించినందుకు సిగ్గేసింది.

“మరెవరండీ?”

ఆయన తిప్పి చూపించిన ఫారం అడుగున, చుక్కలు వేయించుకున్నవారి గడిలో ఉన్న సంతకం ఆమెదే.