నెల అక్షరాల్లో

కంప్యూటర్లో తేదీల సెట్టింగ్ మార్చగానే, జాబితాలో ఎర్రగా ఉన్న నలభై పేర్లూ ఒక్కసారిగా మామూలు రంగులోకి వచ్చాయి.

“చూశారా సార్! ఇది నెలను ముందు చదువుతోంది. 6/4 అని కొడితే, ఏప్రిల్ ఆరున ఇచ్చిన హాస్టల్ దరఖాస్తుని జూన్ నాలుగున ఇచ్చినట్టు చూపించి, గడువు దాటిందని కొట్టేసింది. పాపం, వీళ్లంతా టైముకే ఇచ్చారు.”

సూపరింటెండెంట్ టీ జుర్రుకుంటూ, “నిన్ను పిలిచింది ప్రింటర్ బాగుచెయ్యడానికి. దాన్ని మళ్లీ ఎప్పట్లాగే పెట్టెయ్,” అన్నాడు.

“తప్పని తెలిసి కూడానా?”

“చెప్పింది చెయ్యమ్మా.”

ఒళ్లు మండి కీబోర్డు పక్కకి నెట్టాను. దాని కింద బిస్కెట్ పొడిలో జిడ్డుకారుతున్న చీటీ ఒకటి అంటుకుని ఉంది. ఆయన రాతే. ‘మనవాళ్లవైతే నెల అంకెల్లో వద్దు, అక్షరాల్లో కొట్టాలి.’

“అంటే మీకు ముందే తెలుసు! ఇంతమంది పిల్లల నోట్లో మట్టి కొట్టారా? ఛీ! ఎవరండీ ఆ మనవాళ్లు?”

ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. మౌస్ అందుకుని పోయినేడాది జాబితా తెరిచి, హాస్టల్లో సీటొచ్చిన మా తమ్ముడి పేరు దగ్గర ఆపాడు. అందరి తేదీలూ అంకెల్లో ఉన్నాయి. వాడి దగ్గర మాత్రం ‘ఏప్రిల్’ అని ఉంది.

“మా ఆఫీసు కంప్యూటర్లన్నీ చూసేదానివి. నీకు ఆ మాత్రం చెయ్యనా?”

జిడ్డు మౌస్ నా వైపు జరిపాడు. ముట్టుకోవాలంటే రోత పుట్టింది.

ముట్టుకున్నాను. నలభై పేర్లూ మళ్లీ ఎర్రబడ్డాయి.