మెయిన్ లోపల పదివేల బస్తాలు

"రేపటి సంది నలుగురు హమాలీలు చాలు. మిగిలిన ముప్పై మంది వేరే పని సూస్కోండ్రి," అని మేస్త్రి మంగయ్యకు చెప్పేశాడు సోమయ్య సేటు.

ఆ తొంభైమూడు ఎండాకాలంలోనే మిర్యాలగూడలోని ఆయన రైస్‌మిల్లుకు కంప్యూటర్ వచ్చింది. ఏ బస్తా ఎక్కడుందో అదే చెబుతుందట. ఇక ఊరికే బస్తాలు జరిపే పనే ఉండదని సేటు లెక్క.

మంగయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

సేటు చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లాడు. ఇంట్లో లేని ఏసీ దానికి పెట్టించాడు.

"స్టాక్ సూపెట్టమ్మా."

సూర్యాపేటలో ఆర్నెల్లు కంప్యూటర్ నేర్చుకొచ్చిన అలివేలు మీట నొక్కింది. తెర మీద ఒక్క లైను పడింది. అంతే, మిషన్ మొండికేసింది.

"ఏమంటున్నదీ?"

"స్టాక్ ఓవర్‌ఫ్లో అంటున్నది సార్. నిండి పొంగిపోయిందట."

అలివేలు చెప్పే స్టాక్, కంప్యూటర్ కడుపులో ఉండే ఓ చిన్న అర. సేటుకు తెలిసిన స్టాక్ బియ్యం. గోదాము సగమే నిండిందని ఆయన కళ్లు చెబుతూనే ఉన్నాయి. కానీ కళ్లకు ఏసీ పెట్టించలేదు కదా!

"ఎందుకట్లా?"

"పదివేల బస్తాల వరస సార్. అంత పెద్దది మెయిన్ లోపల పెట్టిన. ఆడ జాగా సాలదు. బయట పెట్టాలె."

ఆమె చెప్పే వరస ప్రోగ్రాంలో బస్తాల లెక్కకు రాసిన పట్టీ, మెయిన్ అంటే ఆ ప్రోగ్రాంలోనే ఒక భాగం. సేటు ఎరిగిన మెయిన్ ఒక్కటే, మెయిన్ గోదాము. ఆయన చెప్పులు మరచి బయటికి ఉరికాడు.

"మంగయ్యా! అందర్నీ పిలువు! మెయిన్ లోపలి వరసంతా బయట పెట్టుండ్రి!"

"సగం గూడ నిండలే గద సేటూ?"

"సదివింది నువ్వా, అదా?"

ముప్పై నలుగురూ రెండు రోజులు మోశారు. ఆ సందులో అలివేలు కూడా ఒకే ఒక్క లైనును మెయిన్‌లోంచి తీసి బయట పెట్టింది. లిస్టు గడగడా ప్రింటయింది. సేటు మిషన్‌కు కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు మబ్బు పట్టింది. ముప్పై నలుగురూ బస్తాలన్నీ లోపలికి మోశారు. లోపలికి చేరాయో లేదో, స్టాక్ మళ్లీ పొంగింది. బస్తాలు మళ్లీ బయటికి నడిచాయి.

మూడో వారానికి సేటుకు జ్ఞానోదయమైంది.

"కంప్యూటరున్న మిల్లు నలుగురితోని యాడ నడుస్తదే మంగయ్యా? ఒక్కణ్ని గూడ పోనియ్యకు. ఇంకో ఆరుగురుంటే సూడు."

"నీ మాట కాదంటానా సేటూ," అన్నాడు మంగయ్య.

ఆ సాయంత్రం, మిల్లు గేటు కనుమరుగయ్యాక, వేములపల్లి రోడ్డు మీద మంగయ్య సైకిల్ వెనక ఎక్కి కూర్చుంటూ అలివేలు అడిగింది, "నాయినా, రేపు గూడ స్టాక్ పొంగియ్యాల్నా?"